గాలి బ్రేకులో రబ్బరు వాషరు పాత్ర

తిరుమల కొండ మీద నుంచి బస్సులో దిగేటప్పుడు మనలో చాలామందిమి మలుపు మలుపుకూ గోవిందనామం తలుచుకుంటాం. తలుచుకోవడం మంచిదే. స్వామి తర్వాత మనల్ని కాపాడుతున్నది ఎవరయ్యా అని అడిగితే డ్రైవరని కొందరు, బ్రేకులని కొందరు చెబుతారు. ఆ బ్రేకులను పనిచేయిస్తున్నది ట్యాంకుల్లో బిగించి ఉన్న గాలి అని మెకానికల్ విద్యార్థి చెబుతాడు. ఆ గాలిని బయటికి పోనీయకుండా పట్టి ఉంచేవి నాలుగు రబ్బరు ముక్కలని చెప్పేవాళ్ళు మాత్రం బహు అరుదు. ఈ వ్యాసం ఆ రబ్బరు ముక్కల గురించే.

నేను ఈ కళాశాలలోనే మెకానికల్ చదివి, ఆ తర్వాత చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల లారీల షెడ్ల మధ్యనే కాలం గడుపుతున్నవాణ్ణి. పుస్తకాల్లో వీటిని సీళ్ళు అంటారు. మా షెడ్లలో గుండ్రంగా ఉంటే ఓ-రింగు, కాకపోతే వాషరు, అన్నీ కలిపి ప్యాకెట్‌లో వస్తే కిట్టు అంటారు. పేరు ఏదైతేనేం, పని ఒక్కటే. మరి ఇంత చిన్న వస్తువుకు సావనీర్‌లో ఇన్ని పేజీలెందుకు? ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

కొండ దిగే బస్సు లెక్క

1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు కొండ దిగడానికి, 1974లో వచ్చిన రెండవ దాన్ని ఎక్కడానికి వాడుతున్నాం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 15 టన్నుల బస్సు అంత ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 10 కోట్ల 30 లక్షల జౌళ్ళు. ఈ అంకె మనసుకు పట్టకపోతే ఇట్లా అనుకోండి: సుమారు 350 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచగల వేడి అది. ఇందులో కొంత ఇంజను పట్టులో, కొంత గాలి నిరోధంలో పోతుంది. మిగిలినదంతా బ్రేకు డ్రమ్ములు మింగవలసిందే.

ఇది తిరుమలకే పరిమితం కాదు. బెంగుళూరు వైపు నుంచి పలమనేరు దాటి చిత్తూరుకు దిగే మొగిలి ఘాటు, పీలేరు వైపు నుంచి తిరుపతికి వచ్చే దారిలో భాకరాపేట ఘాటు మనందరికీ తెలిసినవే. ఆ దారుల్లో టమోటా లారీలు, పాల ట్యాంకర్లు, మద్రాసు రేవుకు పోయే గ్రానైటు దిమ్మెల లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. బస్సు కంటే రెట్టింపు, మూడింతలు బరువున్న ఆ బండ్లకు పై లెక్కను మీరే వేసుకోవచ్చు.

గాలి ఎట్లా బ్రేకు వేస్తుంది?

కారులో పెడల్ తొక్కితే బ్రేకు నూనె చక్రం దాకా ఒత్తిడిని మోసుకుపోతుంది. లారీ బరువుకు మనిషి కాలి బలం చాలదు. అందుచేత ఇంజనుతో తిరిగే కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, నొక్కి, ట్యాంకుల్లో నింపుతుంది. నిండిన ట్యాంకులో ఒత్తిడి మామూలుగా చదరపు అంగుళానికి 100 నుంచి 120 పౌన్ల దాకా, అంటే 7, 8 బార్ల ప్రాంతంలో ఉంటుంది. డ్రైవరు తొక్కే పెడల్ ఒక వాల్వును తెరుస్తుందంతే. గాలి చక్రం దగ్గరున్న బ్రేకు ఛాంబరులోకి పోయి, అక్కడి రబ్బరు డయాఫ్రంను తోస్తుంది. డయాఫ్రం కడ్డీని తోస్తే, కడ్డీ క్యామ్‌ను తిప్పి లైనింగును డ్రమ్ముకు ఒత్తుతుంది.

30 చదరపు అంగుళాల ఛాంబరు మీద 100 పౌన్ల ఒత్తిడి పడితే కడ్డీ మీద 3,000 పౌన్ల తోపుడు, అంటే సుమారు 1,360 కిలోల బలం వస్తుంది. ఎక్కడో వాషరు కారి ఒత్తిడి 60కి పడిపోయిందనుకుందాం. బలం 1,800 పౌన్లకు దిగుతుంది. డ్రైవరు కాలు అదే, పెడల్ అదే, బండి బరువూ అదే. తగ్గింది గాలి ఒక్కటే.

గాలి మొత్తం పోతే? ఈ ప్రశ్నకు జవాబు రైళ్ళ దగ్గర దొరుకుతుంది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో చేసిన మొదటి గాలి బ్రేకులో గాలి వస్తేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. అందుకని 1872లో ఆయన సూత్రాన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో ఒత్తిడి ఉన్నంతసేపూ బ్రేకు విడిచి ఉంటుంది, ఒత్తిడి పోతే పడుతుంది. లారీ వెనుక చక్రాల స్ప్రింగు బ్రేకు ఆలోచన కూడా ఇదే. హ్యాండ్ బ్రేకు విడవడమంటే గాలితో ఒక బలమైన స్ప్రింగును నొక్కి పెట్టి ఉంచడం. గాలి పోతే స్ప్రింగు సాగి బ్రేకు తనంతట తానే పడుతుంది.

"అట్లయితే గాలి కారితే భయమేముంది, బండి నిలబడి పోతుంది గదా" అని అనిపించవచ్చు. సాఫీ రోడ్డు మీద అది కొంత నిజమే. ఘాట్‌లో వేరు. ఒత్తిడి సగానికి పడినప్పుడు స్ప్రింగు పూర్తిగా సాగదు, పూర్తిగా అణగనూ అణగదు. లైనింగు డ్రమ్మును రాసుకుంటూనే బండి నడుస్తుంది. డ్రమ్ములు కాగిపోతాయి. కాగిన లైనింగుకు పట్టు తగ్గుతుంది. తీరా స్ప్రింగు పూర్తిగా పడేసరికి, అది ఒత్తవలసిన డ్రమ్ములో పట్టు మిగిలి ఉండదు. పైగా ఈ స్ప్రింగు అన్ని చక్రాలకూ ఉండదు. డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు దీనికి తోడైతే ఇక చెప్పనక్కరలేదు. ఇంజను పట్టు పోతుంది, కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతుంది, మలుపు మలుపుకూ తొక్కిన బ్రేకుకు ఖర్చయిన గాలి తిరిగి నిండదు.

2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య విద్యుత్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. వాటిలో దిగేటప్పుడు మోటారే కొంత బ్రేకు పని చేస్తుంది. అయినా గాలి బ్రేకు వాటికీ ఉంది. కనుక రబ్బరు బాధ్యత తీరిపోలేదు.

వాషరు గాలిని ఎట్లా పడుతుంది?

ఓ-రింగును చూస్తే రబ్బరు గాజులాగా ఉంటుంది. దాన్ని గాడిలో పెట్టి బిగించినప్పుడు కొంచెం నలుగుతుంది. కదలని చోట దాని మందంలో 15 నుంచి 30 శాతం దాకా, కదిలే పిస్టన్ మీద అంతకంటే తక్కువగా నలిగేటట్లు గాడి లోతును నిర్ణయిస్తారు. గాలి ఒత్తిడి వచ్చినప్పుడు రింగును గాడి గోడకు ఇంకా గట్టిగా అదుముతుంది. అంటే గాలి తన దారిని తానే మూసుకుంటుంది. అయితే మొదటి నలుగుడు ఉంటేనే ఇది సాధ్యం. రబ్బరుకు ఆ తిరగబడే గుణం పోయి, నొక్కిన ఆకారంలోనే చచ్చుబడి పోతే గాలికి సందు దొరుకుతుంది. 3 మిల్లీమీటర్ల రింగులో 20 శాతం నలుగుడు అంటే 0.6 మిల్లీమీటర్లు. మన ప్రాణాలు ఆ అర మిల్లీమీటరు చిల్లర మీద ఆధారపడి ఉన్నాయి.

గాలి బ్రేకులో సీళ్ళు స్థూలంగా నాలుగు రకాలు. మూతల కింద, పైపుల కీళ్ళ దగ్గర కదలకుండా కూర్చునేవి మొదటి రకం. వాల్వుల్లో పిస్టన్ చుట్టూ ముందుకూ వెనక్కూ రాసుకునేవి రెండవ రకం. వాల్వు నోటికి మూతలాగా పడి లేచేవి మూడవ రకం. నైలాను గుడ్డ మీద రబ్బరు పోసి చేసే డయాఫ్రంలు నాలుగవ రకం. కదలనిది ఏళ్ళ తరబడి ఉంటుంది. రాసుకునేది అరుగుతుంది. మూతలాంటిదానికి చిన్న తుప్పు రవ్వ అడ్డం పడినా గాలి కారుతుంది. డయాఫ్రం మడత పడే చోట చిట్లుతుంది.

రబ్బరుకు శత్రువులు

మొదటిది వేడి. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు రబ్బరు ఆయువు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల స్థూలమైన లెక్క. ఆ ప్రకారం 70 డిగ్రీల దగ్గర 8 ఏళ్ళు ఉండేది 100 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది ఉంటుంది. కంప్రెసర్ నుంచి బయటపడే గాలి 200 డిగ్రీల దాకా పోవచ్చు. మన ఎండలకు తోడు ఘాట్‌లో కాగిన డ్రమ్ముల సెగ పక్కనున్న ఛాంబరుకు తగులుతూనే ఉంటుంది. చలి కూడా రబ్బరుకు శత్రువే. 1986 జనవరిలో అమెరికా వారి ఛాలెంజర్ నౌక పేలిపోయి ఏడుగురు మరణించడానికి కారణం, ఆ ఉదయపు చలికి బిరుసెక్కిన ఓ-రింగులు సందును మూయలేకపోవడమే. వాళ్ళకు చలి చేసిన పనిని మనకు ఎండ చేస్తుంది.

రెండవది నూనె. కంప్రెసర్ అరిగే కొద్దీ ఇంజను ఆయిలు సన్నని పొగలాగా గాలిలో కలిసి వాల్వుల దాకా పోతుంది. మూడవది నీరు. గాలిని ఎనిమిదో వంతుకు నొక్కితే దానిలోని తేమ చాలామట్టుకు నీళ్ళై దిగుతుంది. ఆ నీళ్ళు తుప్పును పుట్టిస్తాయి, ఆ తుప్పు వాషరు అంచును కోస్తుంది. ఇప్పటి బండ్లలో గాలిని ఆరబెట్టే డ్రయరు ఉన్నా, దానిలోని మందు వేళకు మార్చకపోతే అది ఉండీ లేనట్టే. నాలుగవది కాలం. ఎండ, గాలిలోని ఓజోను తగిలి వాడని రబ్బరు కూడా ముసలిదవుతుంది.

నల్లగా ఉన్నదంతా ఒకే రబ్బరు కాదు

అసలు సంగతి ఇక్కడుంది. అంగడిలో రింగులన్నీ నల్లగానే ఉంటాయి, జాతులు మాత్రం వేరు.

నైట్రైల్ రబ్బరు, అంటే ఎన్.బి.ఆర్., నూనెకు తట్టుకుంటుంది. 100 డిగ్రీల దాకా నిలకడగా పనిచేస్తుంది. గాలి బ్రేకు వాల్వుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి హైడ్రోజన్ చేర్చి చేసిన హెచ్.ఎన్.బి.ఆర్. 150 డిగ్రీల దాకా పోగలదు, ధర ఎక్కువ. ఇ.పి.డి.ఎం. అనేది ఎండకూ ఓజోనుకూ బహు గట్టిది, కారు బ్రేకు నూనెలో చక్కగా పనిచేస్తుంది. అయితే ఇంజను ఆయిలు, డీజిలు తగిలితే ఉబ్బిపోతుంది. ఎఫ్.కె.ఎం., అంటే షాపుల్లో వైటాన్ అని అడిగేది, 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నూనెకు చలించదు. కంప్రెసర్‌కు దగ్గరగా ఉండే వేడి చోట్లకు అది తగినది. పాలియురేథేను అరుగుదలకు మేటి గాని, వేడీ తేమా కలిసిన చోట దెబ్బతింటుంది. సిలికోను వేడికి తట్టుకున్నా రాపిడికి చిరిగిపోతుంది. ఇందులో ఏదీ చెడ్డ రబ్బరు కాదు. చోటు తప్పితే మాత్రం మంచి రబ్బరు కూడా చెడు చేస్తుంది.

కొన్నేళ్ళ కిందట నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఒక గ్రానైటు లారీకి వాల్వులో కిట్టు మార్చి నెల కూడా కాలేదు. బ్రేకు పడుతోంది గాని విడవడం లేదని, మొగిలి ఘాటు దిగేసరికి వెనుక డ్రమ్ములు పొగలు కక్కుతున్నాయని డ్రైవరు మొత్తుకున్నాడు. స్లాక్ అడ్జస్టరు మీద అనుమానం పడి దాన్ని విప్పారు, బిగించారు, లాభం లేదు. వాల్వు విప్పితే లోపలి రింగులు లావెక్కి పిస్టన్‌ను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. బయటికి తీసిన రింగు తిరిగి గాడిలో కూర్చోలేదు. అదే అంగడి నుంచి అదే కిట్టు ఇంకొకటి తెప్పించి, ఒక రింగును సీసాలో డీజిలు పోసి అందులో వేశాం. తెల్లవారేసరికి కంటికి తెలిసేంతగా ఉబ్బింది. గుణాన్ని బట్టి చూస్తే అది నూనె బ్రేకులకు పనికివచ్చే ఇ.పి.డి.ఎం. జాతి రబ్బరు. అంగడిలో అడిగితే, "సైజు సరిపోయింది గదా సార్, ఇంకేం కావల్ల?" అన్నారు. ఆ మాట వారొక్కరిదే కాదు, లోకం మాట. కాని సీలు ఎంపికలో సైజు మొదటి మెట్టే గాని చివరి మెట్టు కాదు.

గాలి కారడం ఒక్కటే ప్రమాదమనుకునేవాళ్ళు ఈ ఉదాహరణను గమనించాలి. ఈ లారీలో ఒక్క చుక్క గాలి కారలేదు. వాషరు ఉబ్బితే పిస్టన్ వెనక్కి రాదు, బ్రేకు విడవదు, డ్రమ్ము కాగుతుంది. చివరికి ఫలితం ఒక్కటే.

ఎంచుకునేటప్పుడు అడగవలసినవి

నా అనుభవంలో అయిదు ప్రశ్నలు చాలు. ఇది దేనికి తగులుతుంది: ఉత్త గాలా, ఆయిలు కలిసిన గాలా? ఎంత వేడి ఉంటుంది? కదులుతుందా, కదలదా? కొలత, గట్టిదనం కంపెనీ చెప్పినవేనా? తయారై ఎన్నాళ్ళయింది? గట్టిదనాన్ని షోర్ అనే కొలతలో చెబుతారు. ఓ-రింగులకు 70 అనేది మామూలు అంకె. మెత్తనిది తొందరగా అరుగుతుంది, మరీ గట్టిది చిన్న గీతలను మూయలేదు.

ఈ ప్రశ్నలన్నిటికీ షెడ్‌లో కూర్చుని జవాబు వెతకడం కష్టం కనుక, వాల్వు మీద ఉన్న నంబరు చూసి దానికి చెందిన కిట్టునే అడగడం క్షేమం. రూపాయల తేడాకు ఆశపడి విడి రింగులు ఏరుకోవద్దు. మైనర్ కిట్టు చాలునో, మేజర్ కిట్టు కావాలో సిలిండరు లోపల వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది. గీతలు పడిన సిలిండరులో ఎంత మంచి రింగు వేసినా దండగే. గ్రీజు కూడా కిట్టుతో వచ్చినదే పూయాలి. చక్రం బేరింగు గ్రీజు పూయడం చాలా చోట్ల అలవాటు, అది మానుకోవాలి.

అంగడిలో రింగులను తీగకు గుచ్చి ఎండ తగిలే చోట వేలాడదీయడం మనం రోజూ చూసేదే. అట్లా వేలాడిన రింగు సాగుతుంది, ఎండకు పగుళ్ళు పడుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 2230 ప్రకారం చల్లని చీకటి చోట సరిగా దాచిన నైట్రైల్ రబ్బరుకు 7 ఏళ్ళు, ఇ.పి.డి.ఎం., ఎఫ్.కె.ఎం. రకాలకు 10 ఏళ్ళు గడువు. పరీక్షించి చూసి దాన్ని కొంత పొడిగించవచ్చు. కనుక ప్యాకెట్ మీద తేదీ చూడండి. తేదీ లేని ప్యాకెట్‌ను తిరిగి ఇచ్చెయ్యండి.

చెవితో చేసే పరీక్ష

గాలి ఎక్కడ కారుతున్నదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. చదునైన చోట బండి నిలిపి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, గాలి నిండా నింపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు విడిచి వినండి. అమెరికాలో భారీ బండ్ల డ్రైవర్లకు నేర్పే లెక్క ప్రకారం, ట్రైలరు లేని బండిలో పెడల్ తొక్కకుండా నిమిషానికి 2 పౌన్లు, గట్టిగా తొక్కి పట్టినప్పుడు నిమిషానికి 3 పౌన్లకు మించి ఒత్తిడి పడకూడదు.

ఈ రెండు పరీక్షలూ వేరువేరుగా చేయడంలో అర్థముంది. బ్రేకు ఛాంబరు డయాఫ్రం చిట్లితే పెడల్ తొక్కినప్పుడే కారుతుంది. తొక్కనంతసేపూ మీటరు ముల్లు నిబ్బరంగానే ఉంటుంది. ఆ ముల్లును నమ్మి ఘాట్ దిగినవాడికి మలుపులోనే అసలు సంగతి తెలుస్తుంది. పెడల్ తొక్కకముందే పెడల్ వాల్వు కింది రంధ్రం నుంచి బుస్సుమంటే, లోపల గాలిని ఆపవలసిన మూత రబ్బరు సరిగా కూర్చోలేదని అర్థం.

ఇంకొక తిరకాసు. వెనుక ఉండే రిలే వాల్వు రంధ్రం నుంచి గాలి కారుతుంటే చాలామంది ఆ వాల్వునే మార్చేస్తారు. ఒక్కసారి హ్యాండ్ బ్రేకు వేసి చూడండి. కారడం ఆగిపోతే తప్పు రిలే వాల్వుది కాకపోవచ్చు. స్ప్రింగు ఛాంబరు నడుమ కడ్డీ చుట్టూ ఉన్న చిన్న రింగు పోయి, ఆ గాలి మామూలు బ్రేకు గదిలోకి చొరబడి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి రిలే వాల్వు గుండా పోతుండవచ్చు. అట్లాంటప్పుడు వాల్వు మార్చితే డబ్బు పోతుంది, జబ్బు ఉండిపోతుంది.

ఒక హెచ్చరిక. స్ప్రింగు ఛాంబరును ఎట్టి పరిస్థితిలోనూ ఊరికే విప్పకూడదు. లోపల వందల కిలోల బలంతో అణిచిపెట్టిన స్ప్రింగు ఉంటుంది. దాన్ని బోల్టుతో బంధించకుండా పట్టీ విప్పితే మూత తుపాకి గుండులాగా ఎగురుతుంది. ఇట్లా ప్రాణాలు పోయిన మెకానిక్కులున్నారు. ఈ పని తెలిసినవాళ్ళకే వదలాలి.

మన వంతు

1959లో మొదలైన మన ఇంజనీరింగ్ కళాశాలకు ఒకవైపు శేషాచలం ఘాటు, ఇంకొకవైపు లారీల రహదారులు ఉన్నాయి. ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో విషయాలు వెతికే మిత్రులకు నాదొక సూచన. మన జిల్లా అంగళ్ళలో దొరికే కిట్లను కొని తెచ్చి, ఒక్కొక్క రింగు బరువు తూచి, వాడిన ఇంజను ఆయిలులో వారం రోజులు 100 డిగ్రీల వేడిలో ఉంచి, మళ్ళీ బరువు తూచి, గట్టిదనం కొలిచి, ఆ ఫలితాలను తెలుగులో ఒక పట్టికగా వేసి షెడ్లకు పంచండి. ఖర్చు తక్కువ, లెక్కలు సులభం. అయితే పరీక్షకు వాడిన రింగును మళ్ళీ బండికి వేయకూడదని మాత్రం గుర్తుంచుకోండి.

మెకానిక్ అన్నకు చదువు తక్కువని చిన్నచూపు వద్దు. బుస్సుమనే చప్పుడు విని ఏ వాల్వో చెప్పగల చెవి ఆయనది. ఆ రబ్బరు ఏ జాతిదో, ఎందుకు ఉబ్బిందో చెప్పగల చదువు మనది. ఈ రెండూ ఒకచోట కలిస్తే ఘాట్ దిగే డ్రైవరు నిశ్చింతగా పెడల్ మీద కాలు పెడతాడు.